ఒకే స్మాష్, ఏడు ఫ్రేములు, మూడు రంగులు: ఇండోర్ హాల్లో వైట్ బ్యాలెన్స్‌తో నా అనుభవం

శనివారం రాత్రి పదకొండున్నరకి ల్యాప్‌టాప్‌లో ఒక జంప్ స్మాష్ వరుస తెరిచాను. ఏడు ఫ్రేములు. ఒకే అమ్మాయి, ఒకే కోర్టు, మొత్తం కలిపి ఒక్క సెకను. మొదటి ఫ్రేములో మొహం బాగానే ఉంది, రెండోదాంట్లో పసుపు రాసినట్టుంది, మూడోదాంట్లో ఆకుపచ్చ ఛాయ, ఐదోదాంట్లోనైతే ఫోటో పైసగం ఒక రంగు, కింద సగం ఇంకో రంగు. ఆ సెకనులో నేను కెమెరాలో ఏదీ మార్చలేదు. వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగులోనైనా తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు) 4000 కెల్విన్ దగ్గర కట్టేసి ఉంది, కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత. అయినా రంగు ఎందుకు మారిందో అర్థం కాక, కెమెరా పాడైందేమోనన్న భయంతో ఆ రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. ఇండోర్ ఆటలు మొదటిసారి తీయబోయేవాళ్ళకి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తెలిసిన కోచ్ ఒకాయన జూనియర్ బ్యాడ్మింటన్ పోటీలు రెండు రోజులున్నాయి, ఫోటోలు తీసిపెట్టమన్నారు. ఆరుబయట ఆటలు మూడేళ్ళుగా తీస్తున్నాను కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, ఫ్లాష్ వాడకూడదు. అది న్యాయమే, పైకి చూస్తూ షటిల్ కోసం ఎదురుచూసే పిల్లల కళ్ళల్లో ఫ్లాష్ కొడితే పాయింటే పోతుంది. పోటీలకి మూడు రోజుల ముందు, బుధవారం సాయంత్రం ఐదింటికి హాలు చూసొచ్చాను. పైన గిన్నెల్లాంటి పెద్ద మెటల్ హాలైడ్ ల్యాంపులు మూడు వరుసలు, గోడల మీద ఎత్తున వెంటిలేటర్లు. ఖాళీ కోర్టుని 1/60 షట్టర్‌లో, అంటే సెకనులో 60వ వంతు సేపు వెలుగు పడనిస్తూ, పది ఫోటోలు తీశాను, కాస్త ఆకుపచ్చగా వచ్చినా పదీ ఒకేలా ఉన్నాయి. ఇదేమంత కష్టం కాదులే అనుకుని ఇంటికొచ్చాను. ఆ పది ఫోటోల వల్లే నేను మోసపోయానని తర్వాత తెలిసింది. అంత నెమ్మది షట్టర్‌లో అసలు సమస్య కనిపించదు. ఆటగాళ్ళని ఏ స్పీడులో తీస్తారో పరీక్ష కూడా ఆ స్పీడులోనే చెయ్యాలి. బుధవారం నేను ఆ ఒక్క పని చేసి ఉంటే తర్వాతి పది రోజులు మిగిలేవి.

శనివారం పొద్దున ఎనిమిదికి మొదలైంది. ఆటో వైట్ బ్యాలెన్స్ పెట్టుకున్నాను. అద్దెకి తెచ్చిన 70-200 లెన్స్, ఎఫ్/2.8, షట్టర్ 1/1000, ఐఎస్ఓ 6400. మొదటి అరగంటలోనే తేడా కనిపించింది. ఎర్ర జెర్సీ పాప ఫ్రేము నిండా ఉంటే వెనకాల గోడ నీలంగా మారుతోంది, ఆకుపచ్చ మ్యాట్ ఎక్కువ కనిపిస్తే మొహాలు గులాబీ రంగులోకి పోతున్నాయి. ఆటోలో ఉంటే కెమెరా ప్రతి ఫ్రేములోనూ ఏ రంగు ఎక్కువుందో చూసి దానికి విరుగుడు వేస్తుంది, అది దాని పద్ధతి, కానీ ఆటలో ఫ్రేములోకి ఏ రంగు వస్తుందో క్షణక్షణం మారుతుంది కదా. పైగా వెంటిలేటర్లలోంచి పొద్దుటి వెలుగు ఒక వైపు కోర్టు మీద పడుతోంది, అటు పరిగెత్తిన ఆటగాడు నీలంగా, ఇటు వస్తే పసుపుగా. పదకొండింటికి ఆటో తీసేసి ఫ్లోరసెంట్ ప్రీసెట్ పెట్టి చూశాను, మొహాలు మరీ గులాబీ రంగుకి తిరిగాయి, తర్వాత కెల్విన్‌లోకి వెళ్ళి 4000 దగ్గర ఆపేశాను. కాస్త కుదుటపడ్డట్టు అనిపించింది. చిన్న స్క్రీను మీద చూస్తే అంతా బాగానే ఉంది.

ఆ చిన్న స్క్రీనుని నమ్మడం కూడా పొరపాటే. హాల్లో గంట సేపు ఉంటే కళ్ళు ఆ వెలుగుకి అలవాటుపడి దాన్నే తెలుపనుకుంటాయి. సాయంత్రం నీళ్ళు తాగడానికి బయటికొచ్చి, తిరిగి లోపలికి వెళ్ళబోతూ తలుపు సందులోంచి హాలుని చూస్తే, లోపలంతా పచ్చటి పసుపులో మునిగి ఉంది. రోజంతా నేను అందులోనే ఉన్నాను, నాకు కనిపించలేదు. ఇంకో తప్పు కూడా చెప్పాలి. రా ఫైళ్ళు (కెమెరా రంగులు ఖాయం చెయ్యకుండా దాచే పెద్ద ఫైళ్ళు) తీస్తుంటే కెమెరా బఫర్, అంటే ఫోటోలు కార్డులోకి చేరేలోపు ఆగే చోటు, నిండిపోయి మంచి ర్యాలీ మధ్యలో ఆగిపోతోందని, మధ్యాహ్నం దాకా జేపెగ్‌లోనే తీశాను. అవి ఆరువందల ఫోటోలు.

రాత్రి కార్డులు ఖాళీ చేసుకుని, మొదట్లో చెప్పిన ఆ ఏడు ఫ్రేములు చూసి, ఒక్కోదానికి విడివిడిగా రంగు సరిచేస్తూ రెండింటికి అరవై ఫోటోలు పూర్తి చేశాను. కొన్ని కోచ్ గారికి పంపాను కూడా. ఆదివారం పొద్దున లేచి ఫోనులో చూసుకుంటే అన్నీ నీలంగా, చలికి వణికిపోతున్న పిల్లల్లా ఉన్నాయి. గుండె జారిపోయింది. పది నిమిషాలు వెతికితే దొరికిన కారణం ఏంటంటే, నా ల్యాప్‌టాప్‌లో రాత్రి ఎనిమిది దాటితే స్క్రీను పసుపు రంగుకి మారే నైట్ మోడ్ ఆన్‌లో ఉంది. స్క్రీనే పసుపుగా ఉంటే దాన్ని తీసెయ్యడానికి నేను ప్రతి ఫోటోకీ నీలం కలుపుతూ పోయాను. రెండున్నర గంటల పని వృథా. మీరు రంగు సరిచెయ్యడానికి కూర్చునే ముందు నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్, ఫోనులో అయితే గది వెలుగుని బట్టి రంగు మార్చే సెట్టింగు, మూడూ ఆపెయ్యండి.

అప్పటికే ఆ అరవై ఫోటోల్లోవి చూసిన ఒక తండ్రి నుంచి కోచ్ గారికి, ఆయన నుంచి నాకు మెసేజ్ వచ్చింది. "మా అమ్మాయి జెర్సీ ఎరుపండీ, ఫోటోలో ఇటుక రంగులో ఉంది, వేరే టీము అనుకుంటారు." ఆయన కోపంగా ఏమీ అనలేదు, కానీ నాకు మాత్రం చాలా బాధేసింది. ఆ పాప ఆ స్మాష్ కోసం ఎంత ఎగిరిందో దగ్గర్నుంచి చూసినదాన్ని నేను.

ఆదివారం పొద్దున ఏడింటికి నాకు ఫోటోలు నేర్పిన సార్‌కి ఫోన్ చేశాను. మొత్తం విన్నాక ఆయన అడిగింది ఒక్కటే, షట్టర్ ఎంత పెట్టావమ్మా అని. 1/1000 అన్నాను. "అయితే తొందరగా వెళ్ళు. నెట్ పైన తెల్ల పట్టీ ఉంటుంది కదా, దాన్ని 1/1000లో ఇరవై ఫ్రేములు వరసగా తియ్యి. తర్వాత 1/100లో ఇంకో ఇరవై. వైట్ బ్యాలెన్స్ ముట్టుకోకు. రెండూ చూసుకుని అప్పుడు ఫోన్ చెయ్యి" అన్నారు.

ఏడున్నరకల్లా హాల్లో ఉన్నాను. లైట్లు అప్పుడే వేశారు. మెటల్ హాలైడ్ ల్యాంపు స్విచ్ వెయ్యగానే పూర్తిగా వెలగదు, మొదట మసగ్గా వేరే రంగులో మొదలై మెల్లగా తెల్లబడుతుంది. ఐదారు నిమిషాలకి పూర్తి వెలుగు వచ్చింది, నేను మాత్రం పావుగంట ఆగాను. ఆ తర్వాత పట్టీని తీశాను. 1/1000లో తీసిన ఇరవైలో తెల్ల పట్టీ ఒకచోట తెల్లగా, ఒకచోట గోధుమ పసుపులో, ఒకచోట ఆకుపచ్చ ఛాయతో, కొన్నిచోట్ల మసకగా. 1/100లో తీసిన ఇరవై ఒక్కటంటే ఒక్కటి తేడా లేకుండా వచ్చాయి. కెమెరా పాడవలేదు. లైటే మారుతోంది.

సార్ వివరించింది నాకు అర్థమైన మాటల్లో చెప్తాను. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ఇలాంటి ల్యాంపులు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతాయి, 60 హెర్ట్జ్ ఉన్నచోట 120 సార్లు. పాతకాలం చోక్ ఉన్న ట్యూబులైట్లూ అంతే. తగ్గేటప్పుడు వెలుగు ఒక్కటే తగ్గదు, రంగు కూడా మారుతుంది. మన కంటికి అది తెలియదు. 1/100 షట్టర్ అంటే ఒక పూర్తి పెరుగుదల, ఒక పూర్తి తగ్గుదల ఫోటోలో కలిసిపోతాయి, అందుకే ప్రతి ఫ్రేమూ ఒకే సగటు రంగులో వస్తుంది. 1/1000 అయితే ఆ చక్రంలో పదోవంతు ముక్క మాత్రమే దొరుకుతుంది, ఏ ముక్క దొరుకుతుందన్నది అదృష్టం. నా కెమెరా సెకనుకి 7 ఫ్రేములు తీస్తుంది, రెండు ఫ్రేముల మధ్య లైటు పద్నాలుగు సార్లకి పైగా పెరిగి తగ్గుతోంది. ఇక 4000 పెట్టినా 4300 పెట్టినా ఏం లాభం, ఒక్క అంకె అన్ని ఫ్రేములకీ ఎలా సరిపోతుంది.

మరి ఒకే ఫోటోలో రెండు రంగులెలా వచ్చాయి అని అడిగాను. ఎక్కువ స్పీడులో షట్టర్ మొత్తం ఒక్కసారి తెరుచుకోదట, రెండు తెరల మధ్య సన్నటి సందు ఒకటి ఫ్రేము మీదుగా పై నుంచి కిందికి జారుతుంది. నా కెమెరా ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో వాడగల అత్యధిక షట్టర్ స్పీడు) 1/250, అంటే ఆ సందు ఈ చివర్నుంచి ఆ చివరకి చేరడానికి సెకనులో దాదాపు 250వ వంతు పడుతుంది. ఆలోపు లైటు దాని చక్రంలో దాదాపు సగం దూరం వెళ్ళిపోతుంది. అందుకే పైసగం ఒక రంగు, కింద సగం ఇంకో రంగు. కెమెరా నిలువుగా పట్టుకుని తీసిన ఫోటోల్లో ఇది కుడి ఎడమలుగా వస్తుంది, ఒకే మొహంలో ఒక చెంప ఒక రంగు, ఇంకో చెంప ఇంకో రంగు. అలాంటివి నా దగ్గర శనివారంవి చాలానే ఉన్నాయి.

తొమ్మిదింటికి ఒక క్షణం కరెంటు పోయి వచ్చింది. ఒక్క క్షణమే, కానీ ల్యాంపులన్నీ ఆరిపోయాయి. వేడి మీదున్న ల్యాంపు చల్లారేదాకా మళ్ళీ వెలగదట. పన్నెండు నిమిషాలు ఆట ఆగింది. పిల్లలు కంగారుపడుతుంటే నేను మాత్రం హాలు ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాను, ఈ నెల మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన పన్నెండు నిమిషాలు అవే. పెద్దాయన, ఓపిగ్గా చెప్పారు. "అమ్మా, ఇవన్నీ ఒకే వయసు ల్యాంపులు కావు. ఆ మూల రెండూ మొన్ననే మార్చాం, మిగతావి పాతవి. పాతబడే కొద్దీ రంగు తిరుగుతుంది. ఇంకోటి, వరుసకో ఫేజు ఇచ్చారు. ఒకటో కోర్టు మీద వరుసంతా ఒకే ఫేజు, అన్నీ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. రెండో కోర్టు మీద రెండు వరుసల వెలుగూ పడుతుంది, ఒకటి తగ్గినప్పుడు ఇంకోటి ఆదుకుంటుంది."

అప్పుడు గుర్తొచ్చింది, శనివారం రెండో కోర్టులో తీసినవి అంత పాడవలేదు. నేను అది నా అదృష్టమనుకున్నాను. వెంటనే కోచ్ గారిని అడిగితే, సెమీఫైనల్స్ రెండింటిలో ఒకదాన్ని రెండో కోర్టులో పెట్టించారు. మీరు వెళ్ళే హాల్లో కోర్టులు ఒకటికంటే ఎక్కువుంటే ప్రతి కోర్టులోనూ ఇరవై ఫ్రేముల పరీక్ష చేసి, తేడా తక్కువున్న కోర్టు ఏదో ముందే తెలుసుకోండి. ఐదు నిమిషాల పని.

ల్యాంపులు మళ్ళీ పూర్తిగా వెలిగాక కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకున్నాను, అంటే ఆ వెలుగులో రంగులేని వస్తువొకటి ఫోటో తీసి, దాన్ని బట్టి రంగులు సరిచేసుకోమని కెమెరాకి చెప్పడం. మొదట స్కోరు షీటు వెనకవైపు తెల్ల కాగితంతో చేశాను, మొహాలు కొంచెం పసుపుగా తేలాయి. కాగితం మరింత తెల్లగా కనిపించాలని అందులో కలిపే రసాయనం కంటికి కనిపించని వెలుగుని తీసుకుని నీలంగా తిప్పి ఇస్తుంది, కెమెరా ఆ నీలాన్ని నిజమనుకుని దానికి విరుగుడుగా పసుపు కలుపుతుంది. గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిద రంగు అట్ట) తెచ్చుకున్నాక ఆ ఇబ్బంది పోయింది. కార్డుని ఆటగాళ్ళు నిలబడే చోటే, మొహం ఎత్తులో, కొద్దిగా పైకి వంచి పట్టుకోవాలి, గోడ దగ్గర నేను కూర్చునే చోట కాదు. షట్టర్ 1/50, అంటే రెండు పూర్తి చక్రాలు. ఎక్స్‌పోజర్ మరీ ఎక్కువ కాకూడదు, ఏ రంగైనా పైన తెగిపోతే లెక్కంతా తప్పుతుంది. కార్డుని మాత్రం 1/1000లో తీయకండి. ఏదో ఒక ముక్క రంగుని పట్టుకుని కెమెరా అదే సత్యమనుకుంటుంది.

ఆదివారం ఇంకో పని కూడా చేశాను, ఆటని రెండుగా విడగొట్టుకున్నాను. సర్వీసుకి ముందు నిలబడ్డ క్షణం, పాయింటు గెలిచాక పిడికిలి బిగించడం, కోచ్ మాట వింటూ తల ఊపడం, ఓడిపోయాక నెట్ దగ్గర చేయి కలపడం, ఇవన్నీ 1/100లో తీశాను. కొంత కదలిక వచ్చింది, సగానికి సగం పారేశాను, కానీ మిగిలినవాటి రంగు చూస్తే ప్రాణం లేచొచ్చింది. స్మాషులు, డైవులు మాత్రం 1/800లో, అది కూడా వీలైనంత వరకు రెండో కోర్టులో. ఈసారి అన్నీ రా ఫైళ్ళే. బఫర్ నిండకుండా నాలుగు ఫ్రేములకి మించి వరసగా కొట్టకూడదని నిర్ణయించుకున్నాను, కొన్ని మంచి క్షణాలు పోయాయి, తప్పలేదు.

సోమవారం నుంచి సరిచెయ్యడం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం రెండున్నర గంటలు, మొత్తం తొమ్మిది సాయంత్రాలు. ఎంపిక చేసుకున్నవి నాలుగువందల ఇరవై. మామూలుగా ఒక ఫోటో సరిచేసి, అవే మార్పులు మిగతావాటికి సింక్ చేస్తే అయిపోయే పని, ఇక్కడ కుదరదు, పక్క ఫ్రేము రంగే వేరు. రెండో రోజుకి ఒక దారి దొరికింది. ఒక వరుసలోని ఫ్రేములన్నీ చిన్న బొమ్మలుగా పరిచి, తెల్లగా ఉన్నవి, పసుపువి, ఆకుపచ్చవి అని మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపులో ఒకటి సరిచేసి ఆ గుంపు వరకే సింక్ చేశాను. తెలుపుకి కొలత నెట్ పట్టీ. రూల్ ప్రకారం అది 75 మిల్లీమీటర్ల తెల్ల పట్టీ, ఇంచుమించు ప్రతి ఫోటోలోనూ ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. కోర్టు గీతలు నమ్మకండి, ఈ హాల్లో అవి పసుపు, తెల్లవైనా మ్యాట్ ఆకుపచ్చ వాటి మీద పడుతుంది. తెల్ల సాక్సూ అంతే. పట్టీ కూడా మధ్యలో చేతులు తగిలి మాసిపోయి ఉంటుంది, చివర్ల దగ్గర ఐడ్రాపర్ (ఇదే తెలుపు అని సాఫ్ట్‌వేర్‌కి చూపించే గుర్తు) పెడితే మేలు.

కొత్తవాళ్ళు టెంపరేచర్ స్లయిడర్ ఒక్కటే జరుపుతారు, నేను కూడా మొదట అంతే. ఈ లైట్లలో అసలు దోషం పసుపు నీలం మధ్య కాదు, ఆకుపచ్చ మెజెంటా మధ్య ఉంటుంది, దానికి టింట్ జరపాలి. నా ఫోటోల్లో టెంపరేచర్ 3900 చుట్టుపక్కలే తిరిగింది, టింట్ మాత్రం ప్లస్ 15 నుంచి ప్లస్ 48 దాకా పోయింది. ఇంకో చిన్న సంగతి, కెల్విన్ అంకెలు సమానమైన మెట్లు కావు. 2500 నుంచి 3000కి వెళ్తే ఫోటో మొత్తం మారిపోతుంది, 6000 నుంచి 6500కి వెళ్తే కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. అందుకని కింది అంకెల్లో ఉన్నప్పుడు యాభై యాభై చొప్పున జరపండి.

నన్ను ఎక్కువ ఏడిపించింది మొహాల రంగు. పట్టీ ఖచ్చితంగా తెల్లబడేలా చేస్తే కొందరి మొహాలు గులాబీలోకి పోతున్నాయి. మూడు సాయంత్రాలు దీంతోనే పోయాయి. ఈ ల్యాంపుల వెలుగులో అన్ని రంగులూ సమానంగా ఉండవు, కొన్ని రంగుల దగ్గర ఎత్తుగా, కొన్ని దగ్గర దాదాపు ఖాళీ. ఎరుపు తక్కువున్న వెలుగులో ఎర్ర జెర్సీ తిప్పి పంపడానికి ఎరుపే లేదు, వైట్ బ్యాలెన్స్ ఉన్న రంగుల పాళ్ళు మారుస్తుంది కానీ లేని రంగు పుట్టించలేదు. ఇటుక రంగు జెర్సీ సంగతి అదన్నమాట. చివరికి టింట్ ఐదారు పాయింట్లు వెనక్కి తగ్గించి, పట్టీలో కొంచెం ఆకుపచ్చ ఉండనిచ్చి, మొహాలు సహజంగా ఉండేలా చూసుకున్నాను. ఫోటో చూసేవాళ్ళు మొహం చూస్తారు, పట్టీ చూడరు. జెర్సీకి మాత్రం ఎరుపు, నారింజ రంగుల స్లయిడర్లు విడిగా జరిపి, ఆ పాప పగటి వెలుగులో దిగిన టీము ఫోటో పక్కన పెట్టుకుని పోల్చుకున్నాను.

రెండు రంగులు పడ్డ ఫోటోలకి గ్రేడియంట్ మాస్క్ వేసి, కింద సగానికి వేరే టెంపరేచర్, వేరే టింట్, కొంచెం ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చాను. ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు. ముప్ఫై ఒకటి అలా బతికాయి. మసకగా పడ్డవాటిని పైకి లేపితే నాయిస్, అంటే ఇసక చల్లినట్టుండే మచ్చలు, బయటపడింది, ముఖ్యంగా నీలంలో, ఎందుకంటే పసుపు వెలుగులో నీలం అసలే తక్కువ పడుతుంది, దాన్ని రెట్టింపు చేస్తే మచ్చలూ రెట్టింపవుతాయి. శనివారం పొద్దుటి జేపెగ్‌ల సంగతి చెప్పడానికి మనసు రావట్లేదు. రా ఫైలులో రంగు నిర్ణయం తర్వాతకి మిగిలి ఉంటుంది, జేపెగ్‌లో కెమెరా అప్పటికే నిర్ణయించి మిగతాది పారేస్తుంది. టింట్ ఇరవై జరిపేసరికి బుగ్గల మీద పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఆరువందల్లో నలభై ఇచ్చాను. ఎంత చేసినా కుదరని పద్నాలుగు మంచి ఫోటోలని, పారెయ్యలేక, బ్లాక్ అండ్ వైట్ చేశాను, అందులో ఆ జంప్ స్మాష్ వరుస కూడా ఉంది.

మూడు వారాల తర్వాత అదే హాల్లో ఒక్కరోజు పోటీ పెట్టారు. మళ్ళీ నన్నే పిలిచారు, ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. ఈసారి సార్ దగ్గర యాంటీ ఫ్లికర్ ఉన్న కెమెరా అడిగి తెచ్చుకున్నాను. 2014లో కెనాన్ 7డి మార్క్ 2తో ఈ సదుపాయం వచ్చింది, తర్వాత చాలా కెమెరాల్లో పెట్టారు. మెనూలో ఎక్కడో లోపల ఉంటుంది, ముందే ఆన్ చేసి ఉండకపోవచ్చు, మీ కెమెరాలో ఉందో లేదో ఇవాళే వెతికి చూసుకోండి. అది లైటు పెరిగి తగ్గడాన్ని పసిగట్టి, వెలుగు శిఖరం మీద ఉన్నప్పుడే షట్టర్ కదిలేలా చూస్తుంది. దానికోసం ఒక్కో ఫ్రేముని అణువంత ఆపుతుంది, బర్స్ట్ స్పీడు కొంచెం తగ్గింది, బటన్ నొక్కాక స్పందన కూడా అణువంత ఆలస్యమనిపించింది, మొదటి అరగంట షటిల్ రాకెట్‌కి తగిలాక క్లిక్‌మంటోంది. అలవాటు చేసుకుని కాస్త ముందే నొక్కడం మొదలుపెట్టాను.

ఆరోజు ఒకే ఒక్క పొరపాటు జరిగింది. మ్యాచ్ పాయింటు దగ్గర హాలంతా నిశ్శబ్దంగా ఉంటే, శబ్దం రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్‌కి మార్చాను. ఫోటో నిండా అడ్డ చారలు. అందులో సెన్సర్ వరుస వెంట వరుస మెల్లగా చదువుతుంది కాబట్టి ఒక్క ఫ్రేములోనే లైటు ఎన్నోసార్లు పెరిగి తగ్గుతుంది. పదకొండు ఫ్రేములు పోయాయి. మెకానికల్ షట్టర్‌కి తిరిగొచ్చేశాను. స్కోరు బోర్డు ఎల్ఈడీ దాంట్లో కూడా అక్కడక్కడా చారలు పడ్డాయి, ఆ ఎల్ఈడీలు చాలా వేగంగా వెలిగి ఆరుతుంటాయి, యాంటీ ఫ్లికర్ 100, 120 హెర్ట్జ్ వాటికే పనిచేస్తుంది.

ఆరోజు ఇంటికొచ్చి, నైట్ మోడ్ ఆపి, గ్రే కార్డు ఫోటో మీద ఒకసారి క్లిక్ చేసి, టింట్ ఐదు వెనక్కి లాగి, మొత్తం మూడువందల పది ఫోటోలకి ఒకేసారి సింక్ చేశాను. ఊపిరి బిగబట్టి చూశాను. ఒకే రంగు. పాత ల్యాంపులున్న మూల కొంచెం పసుపు ఉంది, ఆ నలభైకి విడిగా సరిచేశాను. రెండు సాయంత్రాల్లో అయిపోయింది.

ఎర్ర జెర్సీ పాప ఈసారి కూడా ఆడింది, క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయింది, కానీ అంతకుముందు మ్యాచ్‌లో అలాంటిదే ఒక జంప్ స్మాష్ కొట్టింది. ఎనిమిది ఫ్రేములు వచ్చాయి. వాళ్ళ నాన్నగారికి పంపితే, ఎనిమిదీ పక్కపక్కన పెట్టి ఒకే పొడుగాటి ప్రింటు వేయించి ఇవ్వగలరా అని అడిగారు. పాతది కూడా బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉండనివ్వండి, రెండూ ఒకదాని కింద ఒకటి పెడతానన్నారు. నిన్నే రెండూ ప్రింటుకి ఇచ్చాను, గురువారం వస్తాయన్నారు.